బోడి సరి

దుప్పటి నాలుగు కొసలూ పరుపు కిందికి నెట్టి, ముడతలు అరచేత్తో సాపు చేసి, తలగడలు రెండూ గోడకు ఆనించి నిలబెట్టాక శ్రీరంజనికి గుర్తొచ్చింది, ఇది తన ఇల్లు కాదని. అప్పటికే స్నానాల గదిలో అద్దం తుడిచింది. రాత్రి తాగిన టీ కప్పులు కడిగి బోర్లించింది. తడి తువ్వాళ్ళు గట్టిగా పిండి వరండా కమ్మీ మీద ఆరేసింది. ఇంకేం మిగిలిందా అని గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. చెక్క గోడలు, దూలం నుంచి వేలాడే ఇత్తడి దీపం, కిటికీ నిండా పరుచుకున్న కొండ. వాటిలో ఏదీ ఆమెను ఏ పనీ అడగలేదు. ఎవరూ ఏమీ అడగని గదిలో నిలబడటం ఆమెకు కొత్త. కొత్త మాత్రమే కాదు, కొంచెం భయంగా కూడా ఉంది, ఎదుటి మనిషి ఉన్నట్టుండి మాట్లాడటం మానేసి తన వంకే చూస్తున్నప్పుడు ఉండేలాంటి భయం.

వరండాలో ఫోను చూసుకుంటున్న భర్త రాఘవన్ తలుపు సందులోంచి లోపలికి తొంగి చూసి నవ్వాడు.

"ఏమ్మే, ఇక్కడ కూడానా? గానుగెద్దును విప్పి వదిలినా గుండ్రంగానే తిరుగుతుందంట. అట్లా ఉండాది నీ కథ!"

ఆ మాటలో విషం లేదు. కోయంబత్తూరు తెలుగువాడు, అవినాశిలో బనియన్ల కంపెనీ నడిపే మనిషి ఆయన. కోప్పడి చేయించుకునే పని కంటే నవ్వించి చేయించుకునే పని ఎక్కువని చిన్నప్పుడే తెలుసుకున్నవాడు. నవ్వుతూ అన్న మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఉండరు. శ్రీరంజని కూడా నవ్వింది.

కాసేపటికి గది శుభ్రం చేసే తమిళ్‌సెల్వి ఉతికిన దుప్పట్లు చంకన పెట్టుకుని వచ్చింది. గదంతా ఒకసారి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటక్కా ఇది? అంతా మీరే చేసేస్తే నేను వచ్చిన గుర్తే ఉండదు కదా. సూపర్‌వైజర్ వచ్చి చూస్తే, నువ్వు ఈ గది ముట్టనే లేదు కదా అని నన్నే అంటాడు." తమిళంలో గబగబా అనేసి, శ్రీరంజని అంత జాగ్రత్తగా పరిచిన దుప్పటిని ఒక్క లాగు లాగి కింద పడేసింది. "మీరు కూర్చోండక్కా."

శ్రీరంజని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అవి ఒళ్ళో ఎలా ఉండాలో వాటికి తెలియలేదు. ఒకదాని వేళ్ళు ఇంకొకటి పట్టుకుని తడుముకుంటూ ఉన్నాయి. తమిళ్‌సెల్వి కొత్త దుప్పటి గాలిలోకి విసిరితే అది పొంగి మెల్లగా దిగింది. తను రోజూ చేసే పనిని బయటినుంచి చూడటం ఆమెకు ఇదే మొదలు. ఇంతసేపు పడుతుందా దీనికి? నడుము ఇన్నిసార్లు వంచాలా? ఇక్కడ ఆ పనికి ఒక యూనిఫాం ఉంది, జీతం ఉంది, వారానికో సెలవు ఉంది. అన్నిటికంటే వింత ఏమిటంటే, చేసినట్టు తెలియాలి. తన ఇంట్లో పని బాగా చేయడమంటే చేసినట్టు ఎవరికీ తెలియకుండా చేయడం. సాయంత్రం ఇంటికొచ్చినవాళ్ళకు ఇల్లు దానంతటదే అలా ఉందని అనిపించాలి. అనిపించింది కూడా, ఇరవై ఆరేళ్ళుగా.

వాళ్ళు ఈ చోటుకు వచ్చి ఒక రాత్రి అయింది. ఆనైకట్టి దాటాక, రోడ్డు సన్నబడి, ఏనుగులు దాటే చోటని బోర్డులు మొదలయ్యాక, అడవి అంచున ఉంది ఆ రాంచ్. కొండ వాలు నిండా గడ్డి బీళ్ళు. వాటి మధ్య విసిరేసినట్టు పది పన్నెండు చెక్క ఇళ్ళు. ఒక పక్క గుర్రాలు, ఇంకో పక్క ఆవులు. ఏనుగులు రాకుండా చుట్టూ కందకం, దాని ఇవతల సన్నగా ఝుమ్మనే కరెంటు కంచె. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు, బెంగళూరు డాక్టర్లు వచ్చే చోటు. రాఘవన్ ఒక రాత్రి భోజనాల దగ్గర "మూడు నాళ్ళు రాంచ్‌కు పోదాము, నువ్వూ నేనూ" అన్నప్పుడు ముందు బదులు చెప్పింది అత్త సౌందరం.

"రాంచ్ అంటే ఏంది?"

"అమెరికా వాళ్ళ తోటం అమ్మా. గుర్రాలు ఉంటాయి."

"అట్లయితే మన తోటానికే పోండి. సాపాటు కట్టిస్తాను, తీసుకొని పోండి."

అందరూ నవ్వారు. కట్టించేది ఆవిడే గానీ కట్టేది ఎవరో అందరికీ తెలుసు కాబట్టి.

నవ్వుల మధ్య శ్రీరంజని మనసులో మాత్రం ఒకే ఒక్క మాట మెదిలింది. చూశాడు. అంతకు ముందు తమిళుల ఆడి మాసంలో ఒక రోజు, చుట్టాలందరూ తిని వెళ్ళిపోయాక, ఆమె వంటగది నేల మీద కూర్చుంది. లేవబోతే లేవలేకపోయింది. నొప్పి లేదు, కళ్ళు తిరగలేదు. లేవమని కాళ్ళకు చెప్పేది లోపల ఎవరో ఉంటారు కదా, ఆ మనిషి ఆ రోజు పనికి రాలేదు, అంతే. రాఘవన్ భుజాలు పట్టి లేపాడు. డాక్టర్ అన్ని పరీక్షలూ చేసి "ఏమీ లేదు, ఈమెకు ఓయ్వు కావాలి, విశ్రాంతి కావాలి" అన్నాడు. "ఓయ్వా?" అంది అత్త ఇంటికొచ్చాక. "బిడ్డను కంటే పది నాళ్ళు పండుకునేదే మాకు ఓయ్వు. మిగిలినదంతా సచ్చినాకనే." రాఘవన్ అంతా విన్నాడు. విని గుర్తు పెట్టుకున్నాడు. అందుకే ఈ రాంచ్. ఆ నమ్మకాన్ని శ్రీరంజని దారి పొడుగునా పట్టుచీర మోసినట్టు మోసుకొచ్చింది, ఎక్కడా నలగకుండా.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరికి తెల్లటి కోటు వేసుకున్న చెఫ్ వచ్చి వినయంగా నిలబడ్డాడు. "మేడం, ఇక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ వాళ్ళకు ఇష్టమైనదొకటి ప్రత్యేకంగా చేసి పెడతాం. మీకేం ఇష్టం?"

శ్రీరంజని నోరు తెరిచింది. గుర్తొచ్చినవన్నీ ఇంట్లోవాళ్ళ ఇష్టాలే. రాఘవన్‌కు సాంబారులో కొబ్బరి పడదు. అత్తకు ఏదైనా మెత్తగా, రెండు విజిళ్ళు ఎక్కువగా ఉడకాలి. కొడుకు అశ్విన్‌కు వంకాయ కనబడకూడదు గానీ, రుచి మాత్రం ఉండాలి. ఆమె మనసు ఆమె వంటింటి అలమరలాంటిది. డబ్బాలు వరసగా, మూతలు గట్టిగా, ప్రతి డబ్బా మీదా ఒకరి పేరు. తన పేరున్న డబ్బా కోసం వెనక వరస దాకా వెతికింది.

"ఆమెకు ఏమైనా సరి," అన్నాడు రాఘవన్.

"లేదు సార్, మేడం చెప్పనీండి."

చెఫ్ ఆ మాట ఎంతో మర్యాదగా అన్నాడు. శ్రీరంజని కంగారుగా, "సరి, ఏమైనా సరి" అనేసింది.

"చెప్పలే?" అని నవ్వాడు రాఘవన్. "ఇంకా నయం, ఇది కోయమ్మత్తూరు సరి. బోడి సరి అయి ఉంటే మనకు సాపాటే లేదు!"

ఆ పరిహాసానికి ఒక పాత కథ ఉంది. శ్రీరంజని పుట్టింది బోడినాయకనూరులో. ఏలకుల గోదాములో ఆడుకుంటూ పెరిగింది. వాళ్ళింట్లో ఒప్పుకోవడానికి "అట్లే కానీ" అనేవాళ్ళు. సరి అనే మాట వేరే పనికి. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక అవ్వ కూడు కుండ కడిగి బోర్లించి, చేతులు దులుపుకుని, "సరి" అనేది. అంటే అయిపోయింది, ఇంక ఎవరొచ్చినా ఏమీ లేదు అని. ఆ మాట తర్వాత తాత అడిగినా పొయ్యి వెలిగేది కాదు. పెళ్ళయి కోయంబత్తూరు వచ్చిన కొత్తలో, పెద్ద పంక్తిలో అత్త ఆమె ఆకు దగ్గర గరిటెతో నిలబడి "ఇంకొంచెం కూడు పెడదునా?" అని అడిగితే, ఆమె "సరి" అంది, అవ్వ అన్నట్టే. అత్త ఇంకో గరిటె పెట్టింది. "సరి అత్తమ్మా, సరి" అంది భయపడి. మళ్ళీ పెట్టింది. ఇక్కడ అందరికీ తమిళపు సరి ఒక్కటే తెలుసు. సరి అంటే ఊ, అలాగే, కానియ్యండి. కొత్త కోడలు ఆకులో వదలకూడదు కాబట్టి మొత్తం తింది. తింటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మిరపకాయ కొరికింది కాబోలు అనుకున్నారు. చాలా రోజులకు విషయం తెలిసి ఇల్లంతా పడీపడీ నవ్వింది. "బోడి వాళ్ళ సరి, బోడి సరి!" అన్నాడు రాఘవన్. బోడి అంటే ఊరి పేరూ అవుతుంది, పనికిమాలినదనీ అవుతుంది. ఆ రెండర్థాలూ కలవడంతో ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. ఆ తర్వాత ఆమె కోయంబత్తూరు సరి నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, అవ్వ సరి తన నోట్లో ఇంకా ఉందో లేదో కూడా వెతుక్కోవడం మానేసింది.

సాయంత్రం వచ్చినవాళ్ళందరినీ ఆవుల కొట్టం దగ్గర పోగు చేశారు. రాంచ్ జీవితం ఎలా ఉంటుందో రుచి చూపిస్తారట. పాలు పితకొచ్చు, పిడకలు కొట్టొచ్చు, రోట్లో పచ్చడి నూరొచ్చు, కవ్వంతో మజ్జిగ చిలకొచ్చు. ముందు అందరూ తాము బయట ఏ ఉద్యోగం చేస్తారో చెప్పుకున్నారు. శ్రీరంజని వంతు వచ్చినప్పుడు రాఘవనే చెప్పాడు. "మా ఇంటిది ఏమీ చేయదు. సుమ్మా ఇంట్లోనే ఉండాది." సుమ్మా అంటే ఊరికే. ఆయన అది గొప్పగానే అన్నాడు. తన భార్యకు పనికి పోవాల్సిన అవసరం రానివ్వలేదని ఆయన గర్వం. ఆ తర్వాత ఆయన కవ్వం తాడు పట్టుకుని చిలికాడు. నాలుగు తిప్పులకు చొక్కా తడిసిపోయింది. వెన్న తేలిందని అక్కడివాళ్ళు వేలితో తీసి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఒక డాక్టరమ్మ, "మీ భుజాలకు రేపు నొప్పి వస్తుంది, వేడినీళ్ళు పోసుకోండి" అని జాలిగా చెప్పింది కూడా. రాఘవన్ చేతిలో వెన్నముద్ద పట్టుకుని, "ఏమ్మే, ఫోటో తియ్యి, ఫోటో" అన్నాడు. తీసింది. ఫోనులో ఆయన మొహం చెమటతో, పిల్లవాడిలా మెరుస్తూ ఉంది. ఆ సంతోషం చూసి ఆమెకు కోపం రాలేదు. చేసిన పనికి నలుగురూ చప్పట్లు కొడితే మనిషి మొహం ఇలా ఉంటుందా అని మాత్రం అనుకుంది.

ఆ తర్వాత ఆయన ఆమె పక్కన కూర్చోలేదు. మేనేజర్‌ను వెంటబెట్టుకుని వంటశాలకు వెళ్ళాడు. మట్టి పొయ్యిలు, ఇత్తడి గుండిగలు, వడ్డించే బల్లలు, అన్నిటికీ ఫోటోలు తీసుకున్నాడు. ఎంతమంది వంటవాళ్ళు, సరుకులు ఎక్కడి నుంచి, ఎన్ని రకాలు వండుతారు అని అడుగుతూ ఉన్నాడు. కొత్త యంత్రం చూసినా, కొత్త హోటల్ చూసినా ఆయన అంతే. శ్రీరంజని పట్టించుకోలేదు. పట్టించుకోలేదని తర్వాత అనుకుంది గానీ, ఆ ఫోటోల చప్పుడు ఆమె లోపల ఎక్కడో ఒక మూల పడుతూనే ఉంది.

రెండో రోజు ఎండ చల్లబడకముందే గుర్రాల బీడు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. పందేలు మానేసిన గుర్రాలట అవి. ఒక ముసలి గోధుమరంగు ఆడగుర్రం గడ్డిలో పక్కకు ఒరిగి, మెడ చాచి, కాళ్ళు వదిలేసి పడి ఉంది. చచ్చిపోయిందేమోనని ఉలిక్కిపడి, స్వారీ నేర్పే అమ్మాయిని పిలిచింది.

"నిద్రపోతోంది ఆంటీ," అంది ఆ అమ్మాయి. "గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయి. కానీ గాఢంగా నిద్రపోవాలంటే మాత్రం పడుకోవాల్సిందే. పడుకుంటే ప్రమాదం కదా, అందుకని ఇంకొకటి నిలబడి కాపలా కాస్తేనే ఇది పడుకుంటుంది. అదిగో."

నిజమే. రెండు బారల దూరంలో ఇంకో గుర్రం, నల్లది, చెవులు నిక్కించి అడవి వైపు చూస్తూ నిలబడి ఉంది. మేయడం లేదు. ఊరికే నిలబడి ఉంది.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కూడా శ్రీరంజని కంచె కొయ్య పట్టుకుని చాలాసేపు చూసింది. తను పడుకుంది కదా ఇన్నేళ్ళూ, రోజూ మంచం మీదే పడుకుంది. అయినా ఆ నల్ల గుర్రం చెవులు ఆమెకు బాగా తెలిసినవిగా ఉన్నాయి. గేటు చప్పుడుకు ఒక చెవి, అత్త దగ్గుకు ఒక చెవి. అశ్విన్‌కు జ్వరం వచ్చిన కాలంలో వాడి ఊపిరికి, కంపెనీలో బాయిలర్ చెడిన రోజుల్లో రాఘవన్ ఫోనుకు. పాలవాడి గంట ఇంకా మోగకముందే దానికి. ఒళ్ళు పడుకుంది, చెవులు నిలబడి ఉన్నాయి. నిలబడి ఉండటానికి కాళ్ళే అక్కర్లేదని ఇప్పుడు తెలుస్తోంది. వంటగది నేల మీద ఆ రోజు కూలబడింది కాళ్ళు కాదన్నమాట. తను నిలబడితే ఇంట్లో అందరూ పడుకున్నారు, మంచిదే. తను పడుకోవాలంటే ఎవరు నిలబడతారు? ఈ ప్రశ్నలో ఆమెకు ఫిర్యాదు ఏమీ కనబడలేదు. అల్లికలో లెక్క తప్పిన ఒక కుట్టు కనబడినట్టు కనబడింది. ఒకసారి కనబడ్డాక ఇంక దాన్నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

తిరిగొచ్చి వరండాలో వాలుకుర్చీ మీద వెనక్కి ఒరిగింది. కళ్ళు తెరిచేసరికి ఎండ కొండ మీదికి ఎక్కిపోయింది. పాలు! అనుకుని లేవబోయింది. పొంగిపోయి ఉంటాయి, మాడు వాసన రాలేదేంటి? అప్పుడు గుర్తొచ్చింది, పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే లేదు. ఎవరూ లేపలేదు. తను నిద్రపోయినంతసేపూ లోకం ఏమీ విరిగిపోకుండా అలాగే ఉంది. ఆ సంగతి ఆమెకు కొంచెం అవమానంగానూ, చాలా తేలికగానూ అనిపించింది.

చెఫ్ అటు వెళుతూ ఆగాడు. "మేడం, టీ పంపనా? మసాలా టీనా, అల్లం టీనా?"

"ఏలకులు వేయని టీ," అంది శ్రీరంజని. మాట దానంతటదే వచ్చింది. "ఏలకులు అసలే వద్దు."

అనేశాక ఆశ్చర్యపోయింది. బోడి పిల్ల కదా అని అత్తింట్లో ఇన్నేళ్ళూ ఆమె టీలో రెండు ఏలకులు ఎక్కువ దంచి వేసుకోమన్నారు, ప్రేమగానే. గోదాములో పుట్టి పెరిగిన మనిషికి ఆ వాసనంటే చిన్నప్పటి నుంచీ వెగటు అని ఎవరికీ చెప్పలేదు. తనకు కూడా చెప్పుకోలేదు. టీ వచ్చింది. వేడిగా, ఉత్త టీ ఆకు వగరుతో. వెనక వరసలో తన పేరున్న డబ్బా ఒకటి దొరికింది. చిన్నదే.

ఆ రాత్రి రాఘవన్ హుషారుగా ఉన్నాడు. "రేపు సాపాటుకు మన రత్నసభాపతి వస్తాడు," అన్నాడు.

"ఇక్కడికా? ఏంటికి?"

"సుమ్మా."

రత్నసభాపతి పోదనూరు మనిషి. రెండు కల్యాణ మండపాలు ఉన్నాయి. రాఘవన్‌తో కలిసి చదువుకున్నాడు. తమిళమే మాట్లాడతాడు, వీళ్ళ తెలుగు సగం అర్థమవుతుంది. మూడో రోజు మధ్యాహ్నం పూరికప్పు కింద అరిటాకులు పరిచి వడ్డించారు. ఉలవల చారు తాగుతూ, "ఉలవలు లోకమంతా గుర్రాలకు పెడతారు, మీ నాయుళ్ళు చుట్టాలకు పెడతారు!" అని ఆయన నవ్వించాడు. మజ్జిగ దాకా వచ్చాక రాఘవన్ చెయ్యి తుడుచుకుని తన ట్యాబ్‌ను ఆమె ఆకు పక్కన పెట్టాడు.

"చూడు."

బొమ్మ. వాళ్ళ తోటం, కొండ కింది తోటం. బావి గట్టు, చింతచెట్లు, వాటి మధ్య ఇలాంటివే చెక్క ఇళ్ళు ఎనిమిదో పదో. మధ్యలో పెద్ద పెంకుటింటి వంటశాల, దాని ముందు మట్టి పొయ్యిలు. వంటశాల మీద బోర్డు. ఇంగ్లీషు అక్షరాలను ఆమె నెమ్మదిగా కూడబలుక్కుంది. 'రంజనీస్ కిచెన్.'

"నీ పేరే పెట్టినాము," అన్నాడు రాఘవన్.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఏమ్మే, ఇదో, మా ఇంటిది. ఇప్పుడు పేరు దొరికింది. బోర్డు మీద.

"వంట ఎవరు చేస్తారండి?"

"ఇంకెవరు, నువ్వే! ఇప్పుడు జనానికి ఇంటి సాపాటు కావాల. మన పులుసు, మన ఉలవల చారు, నీ చేతి పొడులు. నలుగురు ఆడవాళ్ళను పెడతాము, కోసేది కడిగేది అంతా వాళ్ళే. నువ్వు సుమ్మా నిలబడి చూసుకుంటే చాలు."

"అత్తమ్మ?"

"అమ్మను కూడా తోటానికే తెచ్చేస్తాము. నీ కళ్ళ ముందరే ఉంటుంది. డాక్టరు ఓయ్వు అన్నాడు కదా? అడివి గాలి, ఊరి గోల లేదు. ఓయ్వు అయినట్టూ ఉంటుంది, పని అయినట్టూ ఉంటుంది. అందుకే ముందు నీకు చూపిద్దామని ఇక్కడికి పిలుచుకొని వచ్చినాను. ఎట్లా చేస్తారో అంతా చూసినావు కదా?"

నిలబడి అనే మాట దగ్గరే ఆగిపోయింది శ్రీరంజని. మిగిలినవి దూరం నుంచి వినబడ్డాయి. మనసు విరగలేదు. విరిగే చప్పుడు కోసం ఆమె ఎదురు చూసింది కూడా, రాలేదు. ఉన్నది చిత్రమైన స్పష్టత. చూశాడు అనుకుంది కదా తను. అది అబద్ధం కాదు. ఆయన నిజంగానే చూశాడు. కూలబడటం చూశాడు, భుజాలు పట్టి లేపాడు, లేపి ఇంక ఎక్కడ నిలబెడితే బాగుంటుందా అని ఆలోచించాడు. ఎంతో ప్రేమగా ఆలోచించాడు. గుర్రానికి చోటు మారిస్తే అలుపు తీరుతుందని నమ్మే మంచి మనిషిలా. తను దారి పొడుగునా నలగకుండా మోసుకొచ్చిన చీర విప్పి చూస్తే, లోపల పైట దోపుకుని పనికి దిగే పాత నూలుచీరే ఉంది. ఆయన మార్చి పెట్టలేదు. అది మొదటి నుంచీ అదే.

"తంగచ్చీ, మీరు కూడా ఒక మాట చెప్పండి," చెల్లెలిని పిలిచినట్టు మర్యాదగా అన్నాడు రత్నసభాపతి. "మీ మాట వినకుండా నేను పెట్టుబడికి చెయ్యి వేయను."

"ఆమె ఏమంటుంది," అన్నాడు రాఘవన్, "సరి అంటుంది."

శ్రీరంజని ఆకు తన వైపుకు మడిచింది. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, దాన్ని ఆకు పక్కన బోర్లించింది.

"సరి," అంది.

రత్నసభాపతి బల్ల చరిచాడు. రాఘవన్ పాయసం తెమ్మని కేక వేశాడు. వడ్డించే మనిషి గరిటెతో వచ్చి, ఆమె మడిచిన ఆకు చూసి ఆగిపోయాడు. "పాయసం లేకుండానా? ఈ రోజా?" అన్నాడు రాఘవన్. ఏలకుల వాసన ఆవిరిలా పైకి లేచింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

గదికి నడుస్తున్నప్పుడు ఆ మాట ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఏ సరి అన్నాను నేను? అలవాటు చొప్పున వచ్చిందేనా? ఇన్నేళ్ళ అలవాటు, అడిగేవాళ్ళ ప్రశ్న పూర్తి కాకముందే నోట్లో సిద్ధంగా ఉండే మాట. కానీ అలవాటుగా వచ్చే ఆ మాట చివర ఒక చిన్న సాగు ఉంటుంది, తలుపు సగం తెరిచి పెట్టినట్టు. ఇందాకటి దానికి అది లేదు. పొట్టిగా, అడుగు నేలకు తగిలిన పాత్రలాగా వచ్చింది. అప్పుడు గ్లాసు గుర్తొచ్చింది. గ్లాసు బోర్లించమని చేతికి ఎవరు చెప్పారు? బుద్ధి ఇంకా ఆలోచిస్తూ ఉండగానే చేతికి తెలిసిపోయింది. అవ్వ కుండ బోర్లించి చేతులు దులుపుకోవడం ఆమెకు కళ్ళకు కట్టింది. పొయ్యి ఆరిపోయి, బూడిద వాసన వేసే ఆ వంటిల్లు. ఆకలేస్తోందని తాత నసిగినా నవ్వుతూ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్న అవ్వ.

గదిలో తమిళ్‌సెల్వి నవ్వుతూ ఎదురైంది. పక్క అలాగే చెదిరి ఉంది. తువ్వాళ్ళు కుర్చీ మీద, కప్పులు కిటికీ గట్టు మీద. "ఈ రోజు నాకు పని పెట్టినారక్కా!"

"పెట్టినాను," అంది శ్రీరంజని. పెట్టె సర్దుకుంటూ మొదటిసారి తన బట్టలు మాత్రమే మడిచింది. ఆయన చొక్కాలు కొక్కేలకే ఉన్నాయి. రాఘవన్ వచ్చి అవి చూసి, మర్చిపోయిందనుకుని, తనే సంచిలో కుక్కుకున్నాడు.

కారు అడవి దాటుతుండగా రాఘవన్ ఇంటికి ఫోను చేశాడు. సౌందరం గొంతు కారంతా నిండింది.

"ఏమనింది?"

"సరి అనింది అమ్మా."

"అనక? దానికి ఇంకో మాట వచ్చునా? సరి, రాత్రికి దోసెకు పిండి ఉండాదా అడుగు."

"ఉండాదా?" అన్నాడు రాఘవన్ ఇటు తిరిగి.

"లేదు," అంది శ్రీరంజని.

ఫోను పెట్టేశాక ఆయన ఈల వేస్తూ నడిపాడు. రోడ్డు పక్క కరెంటు కంచె అయిపోయింది. చెక్‌పోస్టు దగ్గర కొయ్య లేపారు. శ్రీరంజని ఎదురుగా చూస్తూనే అంది.

"ఏమండి, మధ్యాహ్నం నేను సరి అన్నాను కదా."

"అన్నావు. రత్నం ఎట్లా మురిసిపోయినాడు, చూసినావా?"

"అది మీ ఊరి సరి కాదండి."

"మరి?"

"బోడి సరి."

రాఘవన్ నవ్వాడు. ఆ మాట వింటే నవ్వడం ఆయనకు అలవాటు. నవ్వు సగం దాకా వచ్చి, ఏదో అర్థమై, అక్కడే నిలబడిపోయింది. కారు వేగం తగ్గింది. ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. అది మళ్ళీ పరిహాసమేనేమోనని ఆమె మొహంలో వెతికాడు.

"బోర్డుకు ఇంకో పేరు చూసుకోండి," అంది శ్రీరంజని. ఆమె గొంతులో కోపం లేదు. పిండి లేదని చెప్పినంత మామూలుగా ఉంది. "వంటకు ఇంకో మనిషిని చూసుకోండి. తోటానికీ, ఇంటికీ."

ఆమె సీటు పక్కనున్న మీట పట్టుకుని వెనక్కి వాల్చింది. కాళ్ళు చాపింది. కళ్ళు మూసుకుంది.

"నేను కొంచెంసేపు పండుకుంటాను. మీరు మేలుకొని ఉండండి."